తాళం మీద అర్జీ

జైనబీ నోరు మంచిదని రాయచోటిలో ఎవరూ అనలేదు, మస్కట్ వచ్చాకా అనలేదు. ఆ నోరు తండ్రి ఖమరుద్దీన్ ఇచ్చిన ఆస్తి. ఖబరస్తాన్‌కి పోయే దారికి ఎవరో పెద్దమనిషి అడ్డంగా కంప కొట్టిస్తే, తీయించమని ఆయన పదకొండేళ్లు అర్జీలు పెట్టాడు. సోమవారం వస్తే చాలు, కూతురి చేతికి ఓ నిమ్మకాయ ఇచ్చి వెంటబెట్టుకుని ఆఫీసర్ కారు దగ్గర నిలబడేవాడు. "కాగితం గుమాస్తా చేతిలో పెడితే అక్కడే ముసల్దయిపోతాది. దొర చేతికే ఇయ్యాల" అనేవాడు. పన్నెండో ఏట దారి తెరిచారు. ఆయన జనాజా ఆ దారినే పోయింది.

రెండువేల ఎనిమిదిలో జైనబీకి నలభై ఆరేళ్లు. క్లీనింగ్ కంపెనీలో పని. మస్కట్‌లోని బౌషర్‌లో ఓ విల్లా పైఅంతస్తులో ఇరవై ఇద్దరు ఆడవాళ్లు, కడపవాళ్లు సగం, గోదావరివాళ్లు సగం. తెల్లారి బస్సెక్కి ఆఫీసులు తుడవడానికి పోతారు. జైనబీ డ్యూటీ సర్కారు లేబర్ ఆఫీసులో. నాలుగింటికి రూముకి రాగానే క్యాంప్ బాస్ కమ్రాన్ బయటినుంచి తాళం వేస్తాడు. శుక్రవారం సెలవైతే రోజంతా తాళమే.

"మీ మంచికే కదా ఆపా, పరాయి దేశం" అంటాడు ఉర్దూలో, తేనె పూసినట్టు. కోళ్లగంపకి కూడా గాలి ఆడుతుందిరా నాయనా!

ఓ శుక్రవారం మధ్యాహ్నం చపాతీలు కాలుస్తుంటే గ్యాసు గొట్టానికి మంట అంటుకుంది. గదంతా పొగ. ఆడవాళ్లు కిటికీ ఊచలు పట్టుకుని గొంతు చించుకున్నారు. కమ్రాన్ జుమ్మా నమాజుకి పోయాడు, తాళంచెవి వాడి జేబులో ఉంది. జైనబీ బకెట్‌లో దుప్పటి ముంచి మంట మీద పడేసి, ఆ వేడిలోనే చెయ్యి పెట్టి సిలిండర్ కట్టేసింది. మోచేతి దాకా బొబ్బలెక్కింది. కమ్రాన్ తీరిగ్గా వచ్చి, తలుపు తీసి, నల్లబడ్డ గోడ చూసి, "ఆరిపోయిందిగా" అని మళ్లీ తాళం వేసి పోయాడు.

మంట కన్నా ఆ తాళం చప్పుడే ఆమెకి ఎక్కువ మండింది. సచ్చినా సరే, ఆ తాళం తీయించాల్సిందే అనుకుంది.

అమలాపురం పిల్ల అంజలి ఇంటర్ చదివింది. ఇంగ్లీషులో అర్జీ రాసి చదివి వినిపించింది. మొదట్లోనే 'తమ దయకు పాత్రులం, తమ పాదాలకు నమస్కరించి' అని ఉంది.

"దయ ఎందుకుమే? పాదాలెందుకు?" అంది జైనబీ. "కొట్టెయ్. తాళం తీయమని రాయి, సాలు."

"అర్జీ అంటే అలాగే రాస్తారండి, అక్కా."

"మనం మనుషులం. లోపల మనుషులుంటే బయట తాళమేయగూడదు. ఇంతే రాయి."

ఇరవై ఇద్దరూ సంతకాలు, వేలిముద్రలు వేశారు. జైనబీ తండ్రి చెప్పిన దారే పట్టింది. లేబర్ ఆఫీసు మెట్ల దగ్గర నేల తుడిచే కర్ర పక్కనపెట్టి నిలబడి, పెద్దాఫీసర్ కారు దిగగానే కాగితమూ, దాంతోపాటు నిమ్మకాయా చేతిలో పెట్టింది. ఆయన నిమ్మకాయని వింతగా చూసి, నవ్వి, రెండూ పుచ్చుకుని లోపలికి పోయాడు. ఆరోజు జైనబీ నేల మీద కాలు నిలవకుండా పనిచేసింది.

పదిరోజులకి ఆ అర్జీ నకలు కమ్రాన్ చేతిలో కనిపించింది. ఆఫీసువాళ్లు పద్ధతి ప్రకారం దాన్ని కంపెనీకి పంపి జవాబు అడిగారట. కమ్రాన్ ఒక్కో పేరూ గట్టిగా చదివాడు. "అంజలీ! మొదటి టికెట్ నీకే. పెట్టె సర్దుకో" అన్నాడు. ఎనిమిది మంది అక్కడికక్కడే ఏడ్చి, మా పేర్లు తీసెయ్యమన్నారు. వాళ్లని ఏమనగలం? ఇంటి దగ్గర వాళ్లకోసం ఎదురుచూసే నోళ్లున్నాయి.

"నెంబరేదక్కా?" అని అడిగాడు బస్సు డ్రైవర్ పెంచలయ్య, రాజంపేట మనిషి.

"ఏం నెంబరు?"

"దొర చేతికిచ్చినావా? అయ్యో జైనబక్కా! ఈడ కౌంటర్‌లో ఇయ్యాల, ముద్ర కొట్టించుకోవాల, నెంబరు చీటీ తెచ్చుకోవాల. నెంబరుంటేనే రేపు పోయి, నా కాగితం ఏమైందని అడగ్గలవు."

జైనబీకి తల కొట్టేసినట్టయింది. రెండేళ్లుగా మూడో కౌంటర్ ముందు తుడుస్తోంది. ఆ చీటీ కోసం జనం గంటలు గంటలు నిలబడడం రోజూ చూస్తూనే ఉంది. తన బుద్ధి మాత్రం ఇంకా రాయచోటి కారు దగ్గరే నిలబడింది! ఆ పూట తనని తాను తిట్టుకున్న తిట్లు రాయదగినవి కావు.

మర్నాడు సాయంత్రం కమ్రాన్ మెత్తగా వచ్చాడు. తాళమూ, తాళంచెవీ తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

"పెద్దదానివి ఆపా. ఇవాళ్టి నుంచి సూపర్‌వైజర్‌వి. నువ్వే వెయ్యి, నువ్వే తియ్యి. నువ్వు యాడికైనా పో, అడగను. గొడవ తీరిపోయిందని ఈ కాగితం మీద ఒక్క సంతకం చెయ్యి."

అబద్ధమెందుకు, జైనబీ మనసు ఒక్క క్షణం జారింది. శుక్రవారం రువీ బజారులో తిరగొచ్చు. దార్‌సైట్‌లో మరదలి కూతురిని చూడొచ్చు. వేళ్లు తాళం చుట్టూ బిగుసుకున్నాయి కూడా. తలెత్తితే గుమ్మంలో అంజలి నిలబడి ఉంది. తాళం వైపే చూస్తోంది. తనే తాళం వేస్తే తలుపు అవతల ఆ పిల్ల ఉంటుంది.

"తాళం నా దగ్గరే ఉంచిపో" అంది జైనబీ. "సంతకం సంగతి రేపు చూస్తాం."

ఆ రోజు తలుపుకి తాళం పడలేదు. పెంచలయ్య టైపింగ్ షాపులో కొత్త అర్జీ అరబ్బీలో కొట్టించి తెచ్చాడు. పొద్దున బస్సులో పద్నాలుగు మంది సంతకాలు చేశారు. పేరు తీసెయ్యమన్న వాళ్లలో ముగ్గురు కూడా అడక్కుండానే కలం లాక్కున్నారు.

కౌంటర్లు తెరిచేసరికి జైనబీ యూనిఫారంలోనే వరసలో నిలబడింది. మూడో కౌంటర్‌లో ఒమానీ అమ్మాయి తలెత్తి, "ఇక్కడ తుడిచేశావుగా, జైనబ్" అంది.

"తుడవడానికి రాలేదు బీబీ" అంటూ, రోజూ తుడిచే కుర్చీలోనే కూర్చుంది జైనబీ. కాగితం తోసింది. పక్కనే తన గుర్తింపు కార్డు, బతాకా, పెట్టింది.

ఆ అమ్మాయి చదివి, కంప్యూటర్‌లో వెతికి, "ఇదివరకటి అర్జీకే కంపెనీ జవాబు ఇచ్చింది. ఆడవాళ్ల తలుపుకి తాళమే లేదని రాశారు" అంది.

లేదా! జైనబీ జేబులో చెయ్యి పెట్టి, అరచేతంత ఇత్తడి తాళం తీసి కౌంటర్ మీద ఠంగుమని పెట్టింది. తాళంచెవి దాని పక్కన పెట్టింది. కాలిన చెయ్యి కూడా చాపింది.

"మరి ఇదేంది? ఇది గూడా రాసుకో."

ఆ అమ్మాయి తాళాన్ని తిప్పి చూసింది, చేతి మచ్చని చూసింది. తర్వాత రాసుకుంది. అర్జీ ఒకటి, తాళం ఒకటి, తాళంచెవి ఒకటి. ముద్ర కొట్టి చీటీ ఇచ్చింది. నెంబరు రెండుసార్లు చదివించుకుంది జైనబీ. చీటీ జేబులో దోపుకుని, లేచి, తను కూర్చున్న కుర్చీ తుడిచి డ్యూటీకి పోయింది.

సాయంత్రం విల్లా మెట్ల దగ్గర కమ్రాన్ కాచుకుని ఉన్నాడు. "తాళం ఏది?"

"సర్కారు దగ్గరుంది. కావాలంటే నువ్వూ ఒక అర్జీ పెట్టుకోపో."

వాడి మొహం ఎర్రబడింది. "బజారులో తాళాలకి కరువా?"

జైనబీ మెట్లెక్కి, తలుపు బార్లా తీసి, గడప మీద చతికిలబడింది. వెనక అంజలి నిలబడింది, అంజలి వెనక ఇంకెందరో.

"కొనుక్కో నాయనా, ఎన్నైనా కొనుక్కో. ఒక్కో తాళానికి ఒక్కో నెంబరు తెస్తా."