గేటు తెరవని బొటనవేలు

ఒక్క బొటనవేలితో మా మావ వ్యాపారాన్ని వారంలో ముంచబోయిన మేధావిని నేను. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది. మొదట ఆ మిషన్ మీద, తర్వాత దాన్ని అమ్మినవాడి మీద, అందరికంటే ఎక్కువ నామీద. మీరు మాత్రం మొహమాటపడకుండా నవ్వుకోండి.

పలాస దగ్గర మా మేనమామకి చిన్న జీడిపప్పు ఫ్యాక్టరీ ఉంది. ఇరవైమంది ఆడవాళ్ళు జీడిపిక్కలు కొట్టి పప్పు తీస్తారు. ఒకామె ఎనిమిదికే వస్తుంది, ఇంకొకామె పిల్లల్ని బడికి పంపి పదింటికి వస్తుంది. ఉభాలు, అదేనండీ వరినాట్లు, మొదలయ్యాయంటే సగంమంది పొలాల్లోనే ఉంటారు. ఎంబీఏ చదివి మేనేజరుగా దిగిన నాకు ఇది చూసి కడుపు రగిలిపోయింది.

"ఇది ఫ్యాక్టరీయా, సంతా మావా? ఎవరిష్టం వచ్చినప్పుడు వాళ్ళు రావడమేంటి?"

"ఒరే, పిక్కలు లేని నెలల్లో ఆళ్ళని కూకోబెట్టి నాను మేపగలనేటి? పొలం పనున్నప్పుడు కట్టేసి ఉంచగలనేటి? ఆళ్ళకీ బాగున్నాది, నాకూ బాగున్నాది. మద్దెలో నీకేటి నొప్పి?"

నా నొప్పి పేరు క్రమశిక్షణ. మావ ఏదో పెళ్ళికని వారం రోజులు బరంపురం బయల్దేరాడు. వెళ్తూ ఒకే మాట చెప్పాడు. శనివారం పొద్దున్నకి విజయనగరం మిఠాయి కొట్టాయనకి పది డబ్బాల పప్పు వెళ్ళాలి. ఇరవయ్యేళ్ళ గిరాకీ, ఒక్కసారి మాట తప్పితే ఇంక రాదు. అలాగే అన్నాను. ఆయన బస్సెక్కగానే గేటుకి వేలిముద్ర మిషన్ పెట్టించాను. తొమ్మిదిలోపు వేలు పెడితే గేటు తెరుచుకుంటుంది, దాటితే లేదు.

సోమవారం ముందుగా నా వేలు ఎక్కించాను, మేనేజరుని కదా, ఏ వేళకైనా తెరుచుకునేలా. గేటు రాజుగారికి తెరిచినట్టు తెరుచుకుంది. తర్వాత గౌరమ్మ వంతు. నేను పుట్టకముందు నుంచీ అక్కడ పిక్కలు కొడుతున్న మనిషి. వేలు పెట్టింది.

"దయచేసి మళ్ళీ ప్రయత్నించండి" అంది మిషన్లో ఒక ఆడగొంతు.

"ఏటంటన్నాది బాబూ ఈ అమ్మ?"

"మళ్ళీ పెట్టమంటోంది."

మళ్ళీ పెట్టింది. మళ్ళీ ప్రయత్నించమంది. ఇరవైమందిదీ అదే వరస. సబ్బుతో కడిగించాను, నిమ్మచెక్కతో రుద్దించాను, కిరసనాయిలు కూడా వాడాను. జీడి సొన తగిలి తగిలి వాళ్ళ వేళ్ళ చర్మం ఏనాడో కాలిపోయింది, ముద్రలన్నవే లేవు. ఈ సంగతి ఆ ఊళ్ళో నాకు తప్ప అందరికీ తెలుసు.

బుద్ధున్నవాడైతే అక్కడితో మిషన్ పీకేసేవాడు. నేను గేటుకి అడ్డంగా నిలబడ్డాను. "రూలు రూలే. వేలు పడనివాళ్ళకి పని లేదు."

గౌరమ్మ నల్లగా, నున్నగా ఉన్న తన వేళ్ళు నా మొహం ముందు పెట్టింది. "మీ పిక్కలు కొట్టే కదా బాబూ ఇవి అరిగిపోనాయి? పని సేసినందుకే పనికి రానా?"

నేను మిషన్ వైపు వేలు చూపించాను. సిగ్గుండాలి కదా, లేదు. వాళ్ళు చీరకుచ్చెళ్ళు దోపుకుని దర్జాగా ఉభాలకి వెళ్ళిపోయారు. వాళ్ళకి ఇంకో పని ఉంది. నాకే ఇంకో మనిషి లేడు.

మంగళవారం నేనే పిక్కలు కొట్టడానికి కూర్చున్నాను. చేతులకి ఆముదం రాసుకోవాలని చెప్పేవాళ్ళు లేరు, వాళ్ళని నేనే తరిమేశానాయె. రెండు రోజులకి పావు డబ్బా అయింది, అందులోనూ ముప్పాతిక ముక్కలే. వేళ్ళు బొబ్బలెక్కి తోలు ఊడిపోయింది. గురువారం పొద్దున్న ప్యాంటు పైకి మడుచుకుని బురదలో గౌరమ్మ ముందు నిలబడ్డాను.

"గౌరమ్మా, శనివారానికి పప్పు వెళ్ళకపోతే మావ గిరాకీ పోతుంది."

"మాం ఏలు పడని మనుసులం కదా?"

"తప్పు మిషన్‌ది."

"మిషన్‌దా?"

"నాదే."

"అలగ సెప్పు. మద్దినేల దాకా ఉభాలు, ఆ తరవాత వస్తాం. సందేళకి పిల్లల కాడికి పోతాం. ఇష్టమేటి?"

"మహా ఇష్టం."

ఇరవైమందీ పెరటి తలుపులోంచి వచ్చి, వాళ్ళకి వీలైన వేళల్లోనే కొట్టి, రెండు రోజుల్లో పది డబ్బాలూ నింపేశారు. శనివారం పొద్దున్న, లోపల ఆడవాళ్ళు డబ్బాలు సర్దుతుండగా, గేటు ముందు వ్యాను ఆగింది. వెనకే ఆటోలో మావ దిగాడు. ఆ గేటు తెరవగల వేలు ప్రపంచంలో ఒక్కటే ఉంది. ఠీవిగా పెట్టాను.

"దయచేసి మళ్ళీ ప్రయత్నించండి."

ఆరుసార్లు ప్రయత్నించాను. తోలు ఊడిన వేలికి ముద్ర ఎక్కడిది? లోపల్నుంచి గౌరమ్మ కేకేసింది. "బాబూ, తొమ్మిది దాటిపోనాది! రూలు రూలే!"

పది డబ్బాలూ ఆడవాళ్ళ నెత్తిన పెరటి తలుపులోంచి, పొలంగట్టు చుట్టి వ్యానెక్కాయి.  మావ గునపం తెచ్చి నా చేతిలో పెట్టి, మిషన్ వైపు చూపించాడు.

కాలిన ఈ బొటనవేలి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. పని ఎంతయిందని అడుగుతాను గానీ, ఎన్నింటికొచ్చావని ఈ జన్మలో ఎవరినీ అడగను. అడిగే మొహం కూడా లేదు లెండి. ఇప్పుడు నాకూ ఒక కూతురుంది, దాన్ని బడికి పంపి నేనే పదింటికి వెళ్తున్నాను.