అమ్మ లోపల పేరిన రాయి

మా అమ్మ శామీర్‌పేటలో పెద్ద రోడ్డు పక్కన బండి పెట్టి మక్కకంకులు కాల్చి అమ్ముతుంది. పొద్దున బొగ్గులు రాజేసి కూర్చుంటే చీకటి పడ్డాకే లేస్తుంది. అంతసేపూ గుక్కెడు నీళ్లు తాగదు. అక్కడ ఆడమనిషి ఒంటికి పోవడానికి చోటు లేదు. వెనక ఒకప్పుడు తుప్పల చాటుండేది, ప్లాట్లు అమ్మే వెంచర్ వాళ్లు గోడ కట్టేశారు. ఎదురుగా ఉన్న హోటల్ వాచ్‌మన్ కార్లలో వచ్చేవాళ్లకే గేటు తీస్తాడు.

మొదట నడుము నొప్పి అంది. తర్వాత చలిజ్వరం. గోలీలు మింగితే తగ్గేది, మళ్లీ వచ్చేది. స్కానింగ్ తీస్తే కుడి కిడ్నీలో రాయి. ఇక మా వాడకట్టంతా డాక్టర్లే. "గీ బోరు నీళ్లకు రాళ్లు గాక పూలు పడ్తయా" అని పక్కింటామె కొండపిండి ఆకు కషాయం కాచి ఇచ్చింది. నాయిన రోజూ క్యాను నీళ్లు తెచ్చి, "గియే తాగు, బోరు నీళ్లు ముట్టకు" అన్నాడు. నాకూ అదే నిజమనిపించింది.

ఒకరోజు మేడ్చల్‌లో నేను పనిచేసే బట్టల కంపెనీకి సెలవిస్తే బండి దగ్గరికి పోయాను. అమ్మ ఆ క్యాను వంచి, కంకులు తిన్నవాళ్లకు నీళ్లు పోస్తోంది. నా ఒళ్లు మండిపోయింది.

"నాయిన నీకని తెస్తే ఊరందరికి పోస్తున్నవా?"

"ఉప్పుకారం తిన్నోళ్లు నీళ్లడుగుతరు బిడ్డ. లేవంటే పక్క బండికి పోతరు" అంది, కంకి తిప్పుతూ.

నాయిన తిప్పలంతా బూడిదలో పోసిన పన్నీరయింది. నాకు నోరెక్కువ, అరిచాను. అమ్మ విసనకర్ర ఊపుతూనే ఉంది.

ఆ వానాకాలం జ్వరం దిగలేదు. ఆస్పత్రిలో కిడ్నీ చెడిపోయిందని తీసేశారు. డాక్టరమ్మ రాయిని చూపించింది. పైకి అల్లం కొమ్ములా ఉంది, కోసిన చోట ఉల్లిగడ్డ పొరలు.

"ఇది బోరు నీళ్ల వల్ల వచ్చింది కాదమ్మా, క్రిములు కట్టింది. నీళ్లు తాగకుండా, ఒంటికి పోకుండా ఆపుకుంటూ ఉంటే అవి లోపలే పెరుగుతాయి. మూత్రంలోని లవణాలను పొర మీద పొరగా పేరబెడతాయి. ఆ పొరల మధ్యే వాటి కాపురం, అందుకే గోలీలు వాటిదాకా పోలేదు. ఇక బాగా నీళ్లు తాగాలి. మిగిలింది ఒక్కటే కిడ్నీ."

కంటికి కనబడని క్రిములు అమ్మ లోపల ఇల్లు కట్టుకున్నాయి. అమ్మకు మాత్రం నాలుగు రేకుల చాటు దొరకలేదు. నాకు ఏడుపు కన్నా ముందు కోపమే వచ్చింది.

కోలుకున్నాక అమ్మ మళ్లీ బండి దగ్గర కూర్చుంది. వద్దన్నా వినలేదు. నేను పక్కన నిలబడి గ్లాసు నిండా నీళ్లు పోసి ఇచ్చాను.

"తాగు. గా ఒక్కటి గూడ పోతే ఏం జేస్తవు?"

అమ్మ గ్లాసు పట్టుకుని రోడ్డుకు అటూ ఇటూ చూసింది. "తాగుత గని, ఎటు పోవాలె బిడ్డ?"

నేను ఎదురుగా హోటల్ గేటు వైపు చూశాను. ఇంతలో ఒక కారు ఆగింది. దిగిన చిన్నపిల్లకు కంకి కారం తగిలి దగ్గొచ్చింది. అమ్మ తన గ్లాసు ఆ పిల్ల చేతికిచ్చింది.