నిమ్మమొక్క మెడలో కథ

నేను వారపత్రికలకు సీరియల్స్ రాయడం మానుకోవడానికి రెండేళ్ల ముందు, ఒక జూన్ నెలలో, కడియంలో నర్సరీ నడిపే సూర్రావు గారు రాజమండ్రిలో మా ఇంటికి వచ్చి ఒక పని అప్పగించారు. నర్సరీలో ప్రతి మొక్కకీ ప్లాస్టిక్ ట్యాగు కడతారు. మొక్క పేరు, నీళ్లు పోసే పద్ధతి దాని మీద ఉంటాయి. జనం గేటు దాటకముందే దాన్ని పీకి పారేస్తున్నారని ఆయన బాధ.

"వెనకాల చిన్న కథుంటే దాచుకుంటారండి. నాలుగు లైన్లు చాలండి మేడమ్ గారూ, ఎక్కువొద్దండి" అన్నారు.

నాకు ఒళ్లు మండింది. సీరియల్ పద్ధతి వేరు. వారానికో భాగం. ప్రతి భాగం చివర ఎవరో ఒకరు తలుపు కొట్టాలి, తీయడానికి ఇంకో వారం పట్టాలి. నా కథానాయిక ఒకామె మేడమెట్లు ఎక్కడానికి మూడు వారాలు తీసుకుంటే, ఎడిటర్ గారు ఇంకో వారం ఎక్కించమన్నారు.

అలాంటిది, మొదటి ట్యాగు కథ పూర్తయ్యేసరికి కాఫీ ఇంకా వేడిగానే ఉంది. ఎంత సంతోషమో! మనిషిని పుట్టించి, అవమానించి, ఊరు దాటించి, కుక్కర్ మూడో కూతలోపు చేతులు దులుపుకోవచ్చు. మందారానికొకటి, సన్నజాజికొకటి, కరివేపాకుకు రెండు రాశాను. మావారు భోజనానికి పిలిస్తే, "ఉండండి, ఒకాయన్ని చంపేసి వస్తాను" అని, రెండు నిమిషాల్లో నిజంగానే వచ్చాను.

నిమ్మమొక్క కథ ఇది: "పెళ్లిచూపులకొచ్చిన అబ్బాయి నిమ్మరసం తాగి, చెట్టు పెంచిందెవరని అడిగాడు. అమ్మాయి తండ్రి 'నేనే' అన్నాడు. ఇద్దరూ రెండు గంటలు ఎరువుల గురించి మాట్లాడుకున్నారు."

నెల తర్వాత సూర్రావు గారు ఫోన్ చేశారు. తుని నుంచి భార్యాభర్తలు వచ్చి కూర్చున్నారట, తరువాయి భాగం ఇస్తేగాని కదలరట. వెళ్లి ట్యాగు చూస్తే, కథ కింద "సశేషం" అని ఉంది. నిమ్మకే కాదు, అన్నిటికీ. చేతికి ఏళ్ల అలవాటు. ప్రూఫు దిద్దింది కూడా నేనే. ఆ మాట నా కంటికి కాగితంలో భాగమైపోయింది.

సూర్రావు గారికి ఇది తెగ నచ్చింది. "ఆయ్, మంచిదేనండి. రెండో భాగం ఇంకో నిమ్మకి కడదాం, మూడోది బత్తాయికి" అన్నారు. ఇన్నేళ్లకు కథ ముగించే సుఖం దొరికితే, అదీ పోయేలా ఉంది. కథ అయిపోయిందనీ, ఆ మాట నా పొరపాటనీ తుని ఆవిడకు గట్టిగానే చెప్పాను.

"కథ మాకొద్దులెండి. పెళ్లయిందా లేదా చెప్పండి చాలు" అందామె.

తెలియదన్నాను. అది నిజం.

"రాసిన మీకే తెలీదా?" అని, తనే "అయ్యే ఉంటాదండి. రెండు గంటలు కూకున్నాడంటే అమ్మాయి కోసమే" అందామె. "కాదే, ఎరువు కోసమే" అన్నాడు భర్త. ఆమె లేచింది. బస్సు దాకా వాదించుకుంటూనే వెళ్లారు. పిల్లకు ఎన్ని కాసులు పెట్టారో కూడా ఆమె చెప్పేస్తోంది.

తర్వాతి ట్యాగుల్లో ఆ "సశేషం" తీయించాను. కథలో మిగతాది పాఠకులు చూసుకుంటారు. ఇన్నాళ్లూ సీరియల్స్‌లో వాళ్ల పని కూడా నేనే చేశాను.