నాన్న మెచ్చిన రేకు

ఆ జాబితా రాసింది నేను. ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే మా ఇంట్లో ఇప్పటికీ ఎవరూ ఆ మాట చెప్పరు.

భిలాయిలో మా సెక్టార్ మార్కెట్లో వీడియో గేముల పార్లర్ ఒకటి ఉండేది. తమ్ముడు రోజూ పోయేవాడు. నేను దాని గుమ్మం దాకా వెళ్తే చాలు, నా కంటే ముందే కబురు ఇంటికి చేరేది. "ఆడపిల్లవి, ఆ మగపిల్లల మజ్జిన నీకేటి పనే?" అనేది అమ్మ. అందుకే నాన్న కంప్యూటర్ కొందామన్న రోజు నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంట్లోనే కూర్చుని కార్ల రేసు ఆడుకోవచ్చు, అడిగేవాడుండడు. అప్పుడు నాకు పదిహేడేళ్లు.

విడి భాగాలు కొని, కొట్టులోనే బిగించి ఇచ్చే రోజులవి. ఏమేం కొనాలో జాబితా రాయడానికి లైబ్రరీలో కంప్యూటర్ పత్రికలన్నీ తిరగేశాను. నాన్న చెప్పిన సొమ్ములోనే అన్నీ ఇమడాలి. ప్రాసెసర్ ఒక మెట్టు తగ్గించాను. చిన్న మానిటర్‌తో సరిపెట్టుకున్నాను. స్పీకర్లు కొట్టేశాను. క్యాబినెట్, అంటే అన్నీ బిగించే డబ్బా, దొరికినవాటిలో చవకది రాశాను. అలా గీకి గీకి మిగిల్చిందంతా ఒక్క త్రీడీ కార్డు మీద పెట్టాను. అది లేకపోతే కార్లు పరిగెత్తవు, ఆగి ఆగి ఈడుస్తాయి. నాకు కావలసింది ఆ కార్డే, మిగతాదంతా దాని కోసమే.

సుపేలా బజార్లో కంప్యూటర్ల కొట్టుకి నాన్నా, నేనూ, తమ్ముడూ వెళ్లాం. కొట్టాయన జాబితా చదివి కళ్లజోడు పైకి తోసుకున్నాడు. "యే లిస్ట్ కిస్‌నే బనాయీ? బహుత్ అచ్ఛీ హై" అన్నాడు, ఎవరు రాశారో గానీ చాలా బాగుందని. నాన్న తమ్ముడి భుజం మీద చెయ్యేసి, "మేరే బేటే నే" అన్నాడు, మా అబ్బాయేనని. నేను పక్కనే ఉన్నాను. తమ్ముడు కాదనలేదు. నేను రాశానని నేనైనా చెప్పాల్సింది. నా మీద నాకు ఆ కోపం ఇంకా తీరలేదు.

అక్కడితో అయిపోయినా బాగుండేది. నాన్న భిలాయి ఉక్కు ప్లాంటులో, ఇనప రేకులు తయారుచేసే ప్లేట్ మిల్లులో పనిచేసేవాడు. మా ప్లాంటు వాళ్లకి ఒక జబ్బుంది. బీరువా కానీ, కూలర్ కానీ, ఏం కొన్నా ముందు రేకు చూస్తారు. నాన్న వేలి కణుపుతో క్యాబినెట్లన్నీ ఒక్కొక్కటే కొట్టి చూశాడు. నేను రాసింది టప్పుమంది. మూలనున్న పెద్దది దభీమంది. నాన్న మొహం వెలిగిపోయింది.

"ఇదీ రేకంటే! నువ్వు రాసిందేటే, అప్పడంలాగుంది!"

తప్పు దొరికేసరికి జాబితా మళ్లీ నాదైంది.

"లోపలి సామానే ముఖ్యం నాన్నా. డబ్బాదేముంది?" అన్నాను.

"ఇనుం గురించి నాకు సెప్తన్నావేటి?"

ఆ డబ్బా కొంటే సొమ్ము చాలదు. ఏది తీసెయ్యమంటారని కొట్టాయన అడిగాడు. నాన్న వేలు సరాసరి కార్డు మీదికే పోయింది. "ఆటలకి కార్డేటి? సదువుకోడానిక్కదా కొంతన్నాం."

ఆ ఇనప డబ్బాని ఇద్దరు మోసి ఇంట్లో దించారు. ఇంటికొచ్చిన వాళ్లందరి చేతా నాన్న దాన్ని కొట్టించి వినిపించేవాడు. ప్లాంటులో యంత్రాలకి పూజ చేసే విశ్వకర్మ పూజ నాడు దానికీ బొట్టు పెట్టాడు. ఎండాకాలం అది పొయ్యిలా కాగేది. నా రేసు కారు మాత్రం బొమ్మ తర్వాత బొమ్మగా కుంటుతూ ఉండేది. నేనేం నోచుకున్నానో!

దసరా బోనస్ వచ్చినప్పుడు తమ్ముడు కార్డు కావాలని ఒక పూట అన్నం మానేశాడు. ఒక్క పూట! మర్నాటికి కార్డు ఇంట్లో ఉంది. "కుర్రోడు ముచ్చట పడ్డాడు" అన్నాడు నాన్న. చదువు సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

దాన్ని బిగించడం మాత్రం ఎవరికీ రాదు. నన్ను పిలిచారు. మరలు విప్పి, కార్డు పెట్టే చోట అడ్డంగా ఉన్న రేకు ముక్క లాగాను. నాన్న మెచ్చిన రేకు కదా, అంచు తగిలి వేలు తెగింది. అయినా కార్డు కూర్చోబెట్టి, ఆట పెట్టాను. కార్లు దూసుకుపోయాయి. సగం చుట్టు తిరిగానో లేదో తమ్ముడు కుర్చీ పట్టుకుని ఊపాడు.

"లే అక్కా."

"ఆడ్ని ఆడుకోనీయే, ఆడి కోసమే కదా కొన్నాం" అన్నాడు నాన్న.

లేచాను. వేలికి గుడ్డ కట్టుకుందామని వంటింట్లోకి వెళ్తే అమ్మ, "ఎలాగూ వచ్చావు కదా, ఆ బియ్యం కడిగియ్యి" అంది. వెనక గదిలోంచి కార్ల రొద వినిపిస్తోంది. ఆ వేలితోనే కడిగాను.