క్లినిక్ మెట్ల మీద నా ధర్నా

తెలంగాణ ఉద్యమం రోజుల్లో దిల్‌సుఖ్‌నగర్‌లో ధర్నాకు కూర్చుని, తన డిమాండ్ తీరుస్తామంటే వణికిపోయిన మనిషిని నేనొక్కదాన్నే. ఆ ఘోరం చెబుతాను వినండి. నవ్వితే నవ్వండి, ఎవరు నవ్వారో మాత్రం గుర్తుపెట్టుకుంటాను.

బ్లౌజులు కుట్టే ఆమె ఒకసారి టేపు పక్కన పడేసి, "కొలతలెందుకక్కా, పలక లెక్కున్నవ్" అన్నది. నేను మరిచిపోతానా? రొమ్ములకు ఇంప్లాంట్లు పెట్టించుకున్నాను. సంగతి మా ఆయనకు తప్ప ఎవరికీ తెలియదు. మన్సూరాబాద్‌లో మా కాలనీ అంతటికీ కిడ్నీలో రాళ్ల ఆపరేషన్ అని చెప్పాను.

డాక్టరుది కృష్ణా జిల్లా. ముందే అన్నీ అడిగాను.

"కండరం పైన పెడతరా, కిందనా?"

"మీరు సన్నగా ఉన్నారు కదండీ, కిందే పెడతాను. అంచులు కనబడవు. మొదట్లో ఎత్తుగా, గట్టిగా ఉంటాయి. కిందికి దిగి కుదురుకోవడానికి మూడు నెలలైనా పడుతుందండీ."

బుద్ధిగా తలూపాను. ఆపరేషన్ అయిన రెండు వారాలకే అద్దంలో చూసుకుంటే, రెండూ మెడ ఎక్కడానికి బయల్దేరినట్టున్నాయి! వెళ్లి నిలదీస్తే, "ఆగండమ్మా" అన్నాడు. ఊరంతా ధర్నాలు చేస్తుంటే నేనొక్కదాన్నే ఆగాలా? క్లినిక్ మెట్ల మీద బైఠాయించాను.

"సరిచేసేదాక లేవ!"

అంతలో ఎల్బీ నగర్ వైపు నుంచి ర్యాలీ వచ్చింది. ముందు వరసలో మా పక్కింటి యాదమ్మ.

"ఏందే సరితా, గీడ కూసున్నవ్? ఆపరేషన్ ఖరాబైందా?"

నిజం ఎట్లా చెప్పను? "సరిగ్గ చెయ్యలే" అని గొణిగాను.

"అంటే రాళ్లు లోపల్నే ఇడిశిపెట్టి కుట్టిండా!" యాదమ్మ గుంపు వైపు తిరిగింది. "జర ఆగున్రి! మన పిల్లకు అన్యాయం జరిగింది!"

క్షణంలో రోడ్డంతా ఒకటే నినాదం. "లోపలున్నయి తియ్యాలె! తీసేదాక కదలం!"

డాక్టరు పరుగున వచ్చాడు. రోగి గుట్టు బయటపెట్టే రకం కాదు. నా చెవి దగ్గరికి వంగి మెల్లగా అడిగాడు. "తీసేయమంటారా? ఆపరేషన్ థియేటర్ ఖాళీగానే ఉందండీ."

"వద్దు!" నా అరుపుకు మైకు పట్టుకున్నాయన కూడా నోరు మూశాడు. "లోపల్నే ఉండనియ్యున్రి! మంచిగున్నయి!"

"రాళ్లు మంచిగుండుడేందే?" యాదమ్మ నోరెళ్లబెట్టింది.

ర్యాలీ నన్ను వదిలి కదిలింది, యాదమ్మ వదల్లేదు. రాళ్లు కరగాలని రోజూ గిన్నెడు ఉలవచారు తెచ్చి, దగ్గరుండి తాగించింది. మూడు నెలలకు డాక్టరన్నట్టే రెండూ దిగి చక్కగా కుదురుకున్నాయి. యాదమ్మ నన్ను ఎగాదిగా చూసి మురిసిపోయింది.

"సూశినవా, ఉలవలు ఎంత మంచిగ ఒంటవట్టినయో!"

ఇప్పుడు కాలనీలో సన్నగా ఉన్న ప్రతి ఆడపిల్లకూ ఉలవచారు పోస్తోంది. వద్దని చెప్పే నోరు నాకు లేదు.

కాబట్టి సర్వజన సమక్షంలో ప్రమాణం చేస్తున్నాను. కారణం పైకి చెప్పలేని ధర్నాకు ఈ జన్మలో మళ్లీ కూర్చోను.