మామ మడమకు పెళ్లి వీడియో

నా కెమెరా పనితనం దెబ్బకు ఒక పెద్దమనిషి పాదం ఊడబోయింది. నమ్మకపోతే మైపాడు వెళ్లి మా మామ రమణయ్యనే అడగండి. కాస్త దూరంగా నిలబడి అడగండి.

అప్పట్లో నేను అల్లూరు చుట్టుపక్కల పెళ్లి వీడియోలకు మహారాజును. మామకేమో రొయ్యల గుంట గట్టు మీద ఆల్చిప్ప కోసుకుని మడమ పుండు పడింది. షుగరు మనిషి, ఓ పట్టాన మానదు. నెల్లూరు డాక్టరమ్మ నాతో చెప్పింది:

"పుండును తాకక్కర్లేదండీ. పక్కన ఈ స్కేలు ముక్క పెట్టి, మామూలు వీడియో కెమెరాతో చుట్టూ తీసి పంపండి. పొడవు, వెడల్పు, లోతు కంప్యూటరే కొలుస్తుంది. లోతు పెరిగితే మాత్రం ఆపరేషనే. జూమ్ ముట్టుకోకండి."

నాకా చెప్పేది! తాళి ముడి నుంచి పెళ్లికూతురి కన్నీటిచుక్క దాకా ఒక్క ఊపులో జూమ్ లాగిన చేతులివి.

"మామా, కాలు కాస్త వాల్చు. ఆఁ, అట్నే. కొంచెం నవ్వు."

"పుండుకు నవ్వెందుకబ్బయా?"

"కళ వస్తాది మామా!"

చుట్టూ తిరిగాను. దగ్గరికి లాగాను, వదిలాను, మళ్లీ లాగాను. వెనకాల సన్నాయి కలపలేదు, అదొక్కటే తక్కువ.

మర్నాడు డాక్టరమ్మ ఫోను. "లోతు విపరీతంగా పెరిగిందండీ. ఎముక దాకా పోయినట్టుంది. వెంటనే తీసుకురండి, పాదం తీసేయాల్సి రావచ్చు."

కారులో అత్త మొక్కని దేవుడు లేడు. "ఇంక గుంటలోకి ఎట్ట దిగేది అబ్బయా?" అని మామ గొణుగుతుంటే, నా గుండె ఐసుపెట్టెలో పడిన రొయ్యలా ముడుచుకుపోయింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ కట్టు విప్పింది. చూసింది. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూసింది. తన కెమెరాతో తీయించి, కంప్యూటరు వైపు తిరిగింది.

"ఇదేంటి? పుండు సగం పూడిపోయింది!"

అత్త అక్కడే కూలబడి ఏడ్చింది, సంతోషంతో.

డాక్టరమ్మ నా వైపు చూసింది. "జూమ్ వాడారా?"

"కొంచెం..."

"ఎంత కొంచెం?"

"పెళ్లిలో వాడేంత."

"మీరు జూమ్ లాగిన ప్రతిసారీ, కెమెరానే పుండులోకి దిగిందనుకుంది కంప్యూటరు!"

మామ కళ్లు తుడుచుకుంటూనే పగలబడి నవ్వాడు. "నా కాల్లో బోరు ఏసినాడమ్మా నా అల్లుడు!"

ఆ ఆసుపత్రి గుమ్మంలోనే, చెప్పులు విడిచి, తూర్పుకు తిరిగి ఒట్టు పెట్టుకున్నాను: ఈ జన్మలో మా మామ పాదాలకు మొక్కుతానే గానీ, క్లోజప్ పెట్టను.