బుడతకీచుల గోడ

నా చిన్నప్పుడు, లోకమంతా మూతికి గుడ్డ కట్టుకుని తిరిగిన కాలంలో, రెండు నెలలు ఉండి పోదామని విజిట్ వీసా మీద వచ్చిన మా తాతయ్య దుబాయ్‌లో దాదాపు ఏడాది చిక్కుబడిపోయాడు. విమానాలన్నీ ఆగిపోయాయి. ఈ మాట చెబితే ఇప్పుడు మా మనవలు నమ్మరు. విమానాలు ఆగడమేమిటి, మనుషులు ఒకరినొకరు ముట్టుకోకపోవడమేమిటి అని నన్ను వింతగా చూస్తారు. చూడనీ. వాళ్ళకది పుస్తకంలో పాఠం. నాకు మా తాతయ్య దొరికిన ఏడాది.

మేమప్పుడు దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్‌లో, ఫ్యాక్టరీల మధ్య రెండు గదుల ఇంట్లో ఉండేవాళ్ళం. పేరులో పార్కు ఉంది కదా అని తాతయ్య వచ్చిన మర్నాడే చెట్ల కోసం బయల్దేరి, నాలుగు గోడౌన్లు చూసి చెమటలు కక్కుకుంటూ తిరిగొచ్చాడు. అమ్మ ఆస్పత్రిలో నర్సు. నాన్నకి ఫ్యాక్టరీలో షిఫ్టులు. గోదావరి జిల్లాలో సోషల్ మాస్టారుగా చేసి రిటైరైన మా తాతయ్య చేతికి ఆ ఏడాది ఇల్లూ వచ్చింది, నేనూ వచ్చాను. పొద్దున్నే నా యూనిఫాం చొక్కాకి ఇస్త్రీ చేసేవాడు. చొక్కాకే. కింద పైజామాతో ఫోను ముందు కూర్చుని చదువుకునే రోజులవి. ఊడిన బొత్తాలు కుట్టేవాడు. క్లాసులో టీచరు అడిగినదానికి నాకంటే ముందు జవాబు చెప్పి, ఆవిడ చేత రెండుసార్లు చీవాట్లు తిన్నాడు.

అమ్మ డ్యూటీ నుంచి వచ్చి, ఎవరినీ తాకకుండా నేరుగా స్నానానికి వెళ్ళిపోయేది. ఆమె బయటికి వచ్చేలోపు నా ఫిర్యాదులన్నీ నాలుక చివర రెడీగా ఉండేవి. తాతయ్య నన్ను చేత్తో ఆపి, అమ్మకి గ్లాసుతో వేడి జీలకర్ర నీళ్ళు అందించి, రోజూ ఒకటే మాట అనేవాడు. "ముందు కూర్చోమ్మా. మాటలెక్కడికీ పోవు." అమ్మ కూర్చునేది. గ్లాసు ఖాళీ అయ్యేదాకా మా ఇంట్లో ఎవరూ మాట్లాడేవాళ్ళు కాదు.

ఇంతలో విమానాలు మళ్ళీ ఎగరడం మొదలైంది. పెద్ద వయసువాళ్ళకి ప్రయాణం ప్రమాదమని అమ్మ కొన్ని నెలలు ఆపాక, తాతయ్యకి టికెట్ దొరికింది. అందరూ సంతోషించారు, నేను అలిగాను. చిన్నప్పటి నుంచీ నాకు కోపం ముక్కు మీదే. వెళ్ళిపోయేవాళ్ళతో నాకు మాటల్లేవని చెప్పేసి, నోరు మూసుకు కూర్చున్నాను. అన్నం పెడితే తినేదాన్ని, ఏం అడిగినా గోడ వైపు చూసేదాన్ని. ఉన్న కాస్త రోజులూ అలా దండగవుతున్నాయని నాకు తెలుసు. తెలిసీ నోరు పెగల్లేదు. లోపల మాత్రం ఒకటే దిగులు, ఈయన పోయాక ఈ ఇంట్లో ఈయన ఉన్నట్టే ఉండదు కదా అని.

ప్రయాణానికి ముందు శుక్రవారం అమ్మకి సెలవు దొరికింది. ఖోర్ ఫక్కాన్ వెళ్దామన్నాడు తాతయ్య. కొండల అవతల సముద్రం ఒడ్డున పాత ఊరనీ, అక్కడ బుడతకీచులు కట్టిన గోడ ఉందనీ ఎవరికో చెప్తున్నట్టు గాల్లోకి చెప్పాడు. నా మౌనవ్రతం అక్కడ భంగమైంది. నేను క్లాసులో అందరిలోకీ పొట్టిదాన్ని. స్కూల్లో నన్ను చోటీ అని ఏడిపించేవాళ్ళు. ఇంట్లోనేమో బుడతా అని పిలిచేవారు. అలాంటిదాన్ని, బుడతకీచులంటే ఏమనుకుంటాను? బుడతలంత మనుషులు, కీచు గొంతుతో మాట్లాడతారు, అనుకున్నాను. ఎంత ఎత్తుంటారని అడిగాను.

తాతయ్య నా వంక ఒక్క క్షణం చూశాడు. ఆ చూపులో తమాషా ఉందని ఇప్పుడు తెలుస్తోంది, అప్పుడు తెలియలేదు. నీ అంతే ఉంటారన్నాడు. అంతంత మనుషులే పడవలేసుకుని ఎక్కడో పడమటి సముద్రం నుంచి ఇక్కడిదాకా వచ్చారన్నాడు. "పిట్ట కొంచెం కూత ఘనం అన్నారు గదే."

నాన్నకి ఆ రోజు ఓవర్‌టైం పడింది. ఆయన కంపెనీలోనే మేస్త్రీగా చేసే జగిత్యాల మామ, ముదీర్‌ని, అంటే వాళ్ళ మేనేజర్‌ని, బతిమాలి కంపెనీ బండి తెచ్చాడు. అమ్మ ఎక్కిన పది నిమిషాలకే నిద్రపోయింది. నేను దారి పొడుగునా ప్రశ్నలతో తాతయ్య ప్రాణం తీశాను. బుడతకీచులు తెరచాప తాడు ఎలా అందుకునేవాళ్ళు? వాళ్ళకి పెద్ద అలలంటే భయం లేదా? మామ కూడా తాతయ్యతో కలిసిపోయాడు. "నిజమే బిడ్డా, మా సైట్ల ఒకడున్నడు, గింతే ఉంటడు. సిమెంటు బస్తా మాత్రం మాకంటె ముందుగాల ఎత్తుతడు," అన్నాడు. సొరంగాలు దాటుతుంటే నేను సీట్లో నిటారుగా కూర్చున్నాను. పుట్టాక మొదటిసారి పొట్టిగా ఉన్నందుకు గర్వపడ్డాను.

ఖోర్ ఫక్కాన్‌లో సముద్రం నెలవంకలా ఒంపు తిరిగి ఉంటుంది. ఒక కొసన రేవు క్రేన్లు, మిగతా అంతా ఇసుక, ఖర్జూర చెట్లు, కొండలు. ఒకరికొకరు దూరంగా చాపలు పరుచుకున్న కుటుంబాలు. అమ్మ ఇసుక మీద తువ్వాలు పరుచుకుని నడుం వాల్చింది. మేం ముగ్గురం కొండ పక్క దారి పట్టాం. ఇద్దరు ముగ్గుర్ని అడిగితే ఒక పెద్దాయన చెయ్యి చూపించాడు. ఆ గోడ చూసి నా మొహం వాడిపోయింది. చాలాచోట్ల మోకాలెత్తు రాళ్ళే. ఒక మూల మాత్రం నిలబడి ఉంది. అది తాతయ్య తల కూడా దాటి ఉంది.

నేను ఆ మూలనీ తాతయ్యనీ మార్చి మార్చి చూశాను. నా అంత మనుషులకి ఇంత గోడ ఎందుకని నిలదీశాను. మామ నవ్వు ఆపుకోలేక అటు తిరిగిపోయాడు. తాతయ్య రాయి మీద కూర్చుని అప్పుడు చెప్పాడు. బుడతకీచులంటే పోర్చుగీసువాళ్ళు. మనవాళ్ళకి ఆ పేరు నోరు తిరక్క అలా పలికారు, అంతే. మనుషులు మామూలు ఎత్తే. మంచివాళ్ళు కూడా కాదు. ఫిరంగులతో వచ్చి ఈ ఊరిని తగలబెట్టారు, తర్వాత ఎప్పటికీ మాదేనని కోట కట్టుకున్నారు.

"మరి ఎక్కడున్నారు?"

"పోయారమ్మా. వాళ్ళూ విజిట్ మీద వచ్చినవాళ్ళే."

విజిట్ అన్న మాట వినగానే నాకు ఏడుపు ముంచుకొచ్చింది. నువ్వూ అంతే, నువ్వూ పోతావు, ఈ రాళ్ళలాగా నీ మంచం ఉంటుంది, నువ్వుండవు అని వెక్కిళ్ళ మధ్య అనేశాను. అన్ని రోజులూ దాచుకున్నది అదే. తాతయ్య ఊరుకోమనలేదు. నా ఏడుపు తగ్గాక, నా చొక్కా మీద వేలు ఆనించి అదేమిటని అడిగాడు. బొత్తాం అన్నాను. అది వాళ్ళ మాటే అన్నాడు. అమ్మ పరుచుకున్న తువ్వాలు వాళ్ళది. ఇంట్లో బాల్చీ, అలమారా, పొద్దున్నే చేసే ఇస్త్రీ, అన్నీ వాళ్ళ దగ్గర్నుంచి వచ్చిన మాటలే. సైటులో మామని ఏమంటారో చెప్పమన్నాడు. మేస్త్రీ అన్నాను. అదీ వాళ్ళదే అన్నాడు.

జగిత్యాల మామ నిర్ఘాంతపోయాడు. "మేస్త్రీ మన మాట గాదా సార్? మా తాత గూడ మేస్త్రీయే. ఖలాస్, ఇగ మేమంత బుడతకీచోళ్ళమే అన్నట్టు."

తాతయ్య నవ్వి, గోడ మీద చెయ్యి వేశాడు. ఉండాలని కట్టింది ఇంతే మిగిలిందే, మాట్లాడుతుంటే తెలియకుండా జారినవి మాత్రం మనింట్లో కాపురం చేస్తున్నాయి, అన్నాడు. అయితే నువ్వేం వదిలి వెళ్తావని నేను అడిగాను. ఆయన నిజంగానే ఆలోచించాడు. "అది నాకెలా తెలుస్తుందే? నేను పోయాక నువ్వే వెతుక్కో," అన్నాడు.

మేం కిందికి దిగేసరికి అమ్మ లేచి, నీళ్ళలో పాదాలు పెట్టి నిలబడి ఉంది. మాస్కు గడ్డం కిందికి లాగి, మా వైపు వీపు పెట్టి ఏడుస్తోంది. నన్ను ఓదార్చే హడావుడిలో, ఆమెకీ తండ్రి వెళ్ళిపోతున్నాడన్న సంగతి ఇంట్లో ఎవరికీ తట్టలేదు. తాతయ్య ఇసుకలో చతికిలపడి పక్కన చోటు చూపించాడు. ముందు కూర్చోమ్మా, మాటలెక్కడికీ పోవు, అన్నాడు. అమ్మ కూర్చుంది. ఇద్దరూ చాలాసేపు సముద్రం చూస్తూ ఉండిపోయారు.

తాతయ్య వెళ్ళాక నేను ఇల్లంతా తిరగేశాను. నాకోసం ఏదో దాచే ఉంటాడని నా నమ్మకం. అలమారాలో బట్టలన్నీ కింద పడేశాను, పరుపు ఎత్తి చూశాను, బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టాను. ఏమీ లేదు. ఫోన్ చేసి, నువ్వు అబద్ధాలకోరువని తిట్టాను. సరిగ్గా వెతకవే అని నవ్వాడు. కొన్నాళ్ళకి విసుగొచ్చి మానేశాను.

ఒకరోజు అమ్మ డ్యూటీ నుంచి వచ్చింది. వార్డులో ఏదో జరిగింది, ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు. స్నానం చేసి వచ్చి, తల తుడుచుకోకుండా గోడ పట్టుకుని నిలబడిపోయింది. నాన్న ఇంట్లో లేడు. నేను గ్లాసుతో నీళ్ళు తీసుకెళ్ళి ఇచ్చి, ముందు కూర్చోమ్మా, మాటలెక్కడికీ పోవు, అన్నాను. అనాలనుకుని అనలేదు. నోట్లోంచి వచ్చేసింది. అమ్మ నన్ను చూసి, అలాగే నేల మీద కూలబడి, నన్ను ఒళ్ళోకి లాక్కుని భోరున ఏడ్చింది. అచ్చం మా నాన్నలాగే అన్నావే, అచ్చం మా నాన్నలాగే, అంటూనే ఉంది. నేను వెతుకుతున్నది అప్పుడు దొరికింది.

మర్నాడు ఫోన్లో తాతయ్యకి చెప్పాను. ఆ మాట ఇంకోసారి చెప్పించుకున్నాడు. తర్వాత, "ఆ మాట నేనెప్పుడన్నానే?" అన్నాడు. ఆటపట్టించడం కాదు. ఆయనకి నిజంగా తెలియదు. ఆయన మళ్ళీ దుబాయ్ రాలేదు. సెలవులకి మేం ఊరు వెళ్ళినన్నాళ్ళూ నన్ను మాత్రం బుడతకీచూ అనే పిలిచాడు. ఆ పిలుపు ఆయనతోనే పోయింది.

మొన్నామధ్య మా అబ్బాయి నన్ను పోర్చుగల్ తీసుకెళ్ళాడు. సముద్రం ఒడ్డున పాత ఊరు, ఒకప్పుడు రాజులు వేసవికి వచ్చి ఉండేవారట. ఊరి పేరు నాకు నోరు తిరగలేదు, మన పాతవాళ్ళని అని లాభం లేదు. కోట, చిన్న రేవు, రంగు పడవలు, వీధుల్లో అలల్లా పరిచిన నలుపూ తెలుపూ రాళ్ళు. అంతా చూస్తుంటే ఎక్కడో నా స్వెటర్ బొత్తాం ఊడింది. ఒక చిన్న కొట్టుకి వెళ్ళి, ఊడిన చోటు చూపించాను. కొట్టావిడ నా వయసుదే. "బుతావ్" అంది. ఇంకోసారి అనమని సైగ చేస్తే ఇంకోసారి అంది.

ఆవిడ నిచ్చెన ఎక్కి డబ్బాలు దింపి, ఆయాసపడుతూ, మోకాలు పట్టుకుని తన భాషలో ఏదో చెప్పుకొస్తోంది. మోకాళ్ళ నొప్పుల సంగతే అయ్యుంటుంది, నాకు తెలియదా. అక్కడున్న స్టూలు లాగి, ముందు కూర్చోమ్మా, మాటలెక్కడికీ పోవు, అన్నాను. ఆవిడ నన్నూ స్టూలునీ చూసి, కూర్చుంది. బయటికి వచ్చాక మా అబ్బాయి, ఆవిడకి తెలుగొచ్చా అమ్మా అని నవ్వాడు. కూర్చుంది కదరా, అన్నాను.

ఆ బొత్తాం నా స్వెటర్‌కి నేనే కుట్టుకున్నాను. పొద్దున్నే అది పెట్టుకుంటుంటే, ఆనాడు గోడ దగ్గర నా చొక్కా మీద ఆనిన తాతయ్య వేలు ఇంకా అక్కడే ఉన్నట్టుంటుంది.